సర్జన్ ఫొటో దొంగదైతే, మిగతా నెస్సీ ఫొటోల సంగతేంటి?

లంకకుర్రాడు (విజయవాడ)

అందరికీ నమస్తే. లాక్‌నెస్ జంతువు మీద ఒక తెలుగు యూట్యూబ్ వీడియో ఈమధ్య మా ఫ్రెండ్స్ గ్రూపుల్లో బాగా తిరుగుతోంది. లాక్‌నెస్ అంటే స్కాట్లాండ్‌లో ఇన్వర్‌నెస్ పట్నం దగ్గరున్న పెద్ద సరస్సు. అందులో ఉందనే జంతువుని నెస్సీ అంటారు. 1934లో పేపర్లో వచ్చిన పొడవాటి మెడ ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. వీడియోలో ఆ ఫొటోకి రంగులేసి, బాగా క్లియర్ చేసి, ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అని అడుగుతున్నారు.

కింద కామెంట్లలో నమ్మేవాళ్లు, నమ్మనివాళ్లు ఒకరినొకరు తిట్టుకోవడమే సరిపోయింది. అసలు ఫొటో గురించి ఒక్కరూ మాట్లాడలేదు. ఆ ఫొటో దొంగదని తేలిపోయిందట, ఆ మాట నేనూ విన్నాను. కానీ ఒకటి దొంగదైతే అన్నీ దొంగవేనా? 1933 నుంచి అంతమంది తీశారు కదా. ఒక్కో ఫొటో తీసుకుని మాట్లాడుకుందామా?

సందేహి (గుంటూరు)

సర్జన్ ఫొటోతోనే మొదలుపెడదాం. డెయిలీ మెయిల్ పేపర్లో 1934 ఏప్రిల్ 21న వచ్చింది. ఇచ్చినాయన లండన్‌లో గైనకాలజిస్టు, పేరు ఆర్. కెన్నెత్ విల్సన్. అందుకే సర్జన్ ఫొటో అనే పేరు స్థిరపడింది. డాక్టరుగారు అబద్ధం చెప్పరులే అన్న నమ్మకం మీద ఆ బొమ్మ అరవై ఏళ్లు నిలబడింది.

తెర వెనకున్న మనిషి మార్మడ్యూక్ వెదరెల్. జంతువుని పట్టుకోమని 1933 డిసెంబరులో అదే పేపరు ఆయన్ని లాక్‌నెస్‌కి పంపింది. ఒడ్డున పెద్ద పాదముద్రలు దొరికాయని ప్రకటించాడు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్లు చూసి, అవి ఎండబెట్టిన నీటిగుర్రం కాలితో వేసిన ముద్రలని తేల్చారు. బహుశా గొడుగులు పెట్టుకునే స్టాండు. అప్పట్లో జంతువుల కాళ్లతో అలాంటివి చేయించుకునేవారు. వెదరెల్ పరువు పోయింది. కొన్ని నెలలకి ఈ ఫొటో బయటికొచ్చింది.

వెదరెల్ సవతి కొడుకు క్రిస్టియన్ స్పర్లింగ్ తన తొంభయ్యో ఏట, చనిపోయే ముందు, డేవిడ్ మార్టిన్, అలస్టెయిర్ బాయిడ్ అనే ఇద్దరు పరిశోధకులకి జరిగింది చెప్పాడు. ఉల్‌వర్త్స్ షాపులో కొన్న బొమ్మ సబ్‌మెరైన్ మీద ప్లాస్టిక్ వుడ్ అనే ముద్దతో మెడ, తల చేసి అతికించారట. ఆ సంగతి 1994లో లోకానికి తెలిసింది. ఇక దీని మీద చర్చ ఏముంది?

బెంజిసర్కిల్ (విజయవాడ)

చాలా ఉంది సందేహి గారూ. నేను నెస్సీ ఉందని నమ్మే మనిషిని, ముందే చెప్పేస్తున్నాను. ఈ విషయం మీద ఏళ్ల తరబడి చదువుతున్నాను. సర్జన్ ఫొటో మీద నాకు పట్టింపు లేదు, కానీ మీ వాదనలో ఒక లోటు ఉంది.

ఫొటో దొంగదని చెప్పడానికి మీ దగ్గరున్న ఆధారం ఏమిటి? అరవై ఏళ్ల తర్వాత ఒక ముసలాయన చెప్పిన మాట. ఆ బొమ్మ ఎవరి దగ్గరా లేదు, సరస్సులోనే ముంచేశారంటారు. సరస్సులో జంతువుని చూశానని ఒక రైతు చెబితే సాక్ష్యం కాదంటారు, బొమ్మ చేశానని ఇంకొకాయన చెబితే మాత్రం సాక్ష్యమంటారు. రెండూ నోటిమాటలే కదా? పైగా విల్సన్ ఇచ్చిన వాటిలో ఇంకో ఫొటో కూడా ఉంది. అందులో తల వేరే వాలులో, నీళ్లలోకి దిగుతున్నట్టు ఉంటుంది. దాని గురించి స్పర్లింగ్ కథలో సరైన వివరణ లేదు.

లంకకుర్రాడు (విజయవాడ)

బెంజిసర్కిల్ అన్న అడిగింది న్యాయమే అనిపిస్తోంది. దీనికి ఎవరైనా సమాధానం చెప్పండి.

డార్క్‌రూమ్ మాస్టారు (గుంటూరు, బ్రాడీపేట)

నేను చెబుతాను బాబూ. డిజిటల్ రాకముందు చాలా ఏళ్లు స్టూడియో నడిపాను. ఒప్పుకోలు మాట కాసేపు పక్కన పెట్టండి. స్పర్లింగ్ నోరు విప్పకపోయినా ఆ ఫొటో మీద అనుమానం రావాలి. ఎందుకో ఆ ఫొటోలోనే ఉంది.

పుస్తకాల్లో, పేపర్లలో మనం చూసేది క్రాప్ చేసిన ముక్క. ఫ్రేమంతా మెడే కనిపిస్తుంది కాబట్టి అది చాలా పెద్దదని మన మనసు అనుకుంటుంది. పూర్తి ఫ్రేము వేరేగా ఉంటుంది. అందులో చుట్టూ బోలెడు నీళ్లు, వెనక అవతలి ఒడ్డు, మధ్యలో చిన్నగా ఈ ఆకారం. అప్పుడు చూడాల్సింది మెడని కాదు, నీటిని. గాలికి లేచే చిన్న అలల సైజుకి ఒక హద్దుంటుంది. వాటి పక్కన పెట్టి చూస్తే ఆ మెడ మహా అయితే ఒకటి రెండు మూరలు, అంతకన్నా పెద్దది కావడం కష్టం. ఆకారం చుట్టూ అలలు గుండ్రంగా పరుచుకున్న తీరు కూడా తేలికైన చిన్న వస్తువు కదిలితే వచ్చేదిలా ఉంది.

మా పనిలో క్రాప్ చేయడం తప్పు కాదు. పెళ్లి ఫొటోలో పందిరి మూల చిరిగి కనబడితే ఎన్‌లార్జర్ కింద ఆ మూల తీసేసి ప్రింట్ వేసేవాళ్లం. కానీ సాక్ష్యంగా పెట్టే ఫొటోకి అంచులే ప్రాణం. దూరం, సైజు చెప్పేవి అంచుల్లోనే ఉంటాయి. వాటిని కోసి పారేసిన ప్రింటుతో ఎవరు ఏం నిరూపించాలన్నా నేను ఒప్పుకోను.

రెండో ఫొటో గురించి బెంజిసర్కిల్ గారు అడిగింది సబబే. అది మసకగా ఉంది, దూరం కొలవడానికి అందులో ఏమీ లేదు. అందువల్ల దాన్నిబట్టి ఇటూ చెప్పలేం, అటూ చెప్పలేం.

సందేహి (గుంటూరు)

మాస్టారూ, ధన్యవాదాలు. ఇంకొక్క మాట. స్పర్లింగ్ ఒక్కడే కాదు, వెదరెల్ సొంత కొడుకు ఇయన్ కూడా 1975లోనే ఒక లండన్ పేపరుకి ఇదే కథ చెప్పాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఇద్దరు మనుషులు, దాదాపు ఇరవై ఏళ్ల తేడాతో, ఒకే కథ చెప్పారు. ప్లాస్టిక్ వుడ్ అనేది 1934 నాటికి లేనే లేదని నెస్సీని నమ్మే కొందరు వాదించారు. కానీ అది అప్పటికే షాపుల్లో దొరికే సరుకు.

తెనాలి లలిత (తెనాలి)

నేను కాలేజీలో ఇమేజ్ ప్రాసెసింగ్ చదువుతున్నాను. లంకకుర్రాడు గారు చెప్పిన వీడియో చూశాను. ఆ క్లియర్ ఫొటోలో మెడ మీద పొలుసులు, కంటి మెరుపు కనిపిస్తున్నాయి. అవి పాత ప్రింటులో లేవండీ! ఏఐ టూల్ ఫొటోని బాగుచేసేటప్పుడు, లేని వివరాన్ని తాను నేర్చుకున్న వేల బొమ్మల్లోంచి ఊహించి పూరిస్తుంది. మెడలా ఉంటే పాము చర్మాన్నో బల్లి చర్మాన్నో పెడుతుంది. 1934 ప్లేటులో ఉన్న సమాచారం అందులో పెరగలేదు, తగ్గింది. రంగులేసిన ఆ బొమ్మని ఈ చర్చలోకి తీసుకురావద్దని నా మనవి. పాత గరుకు ప్రింటే మేలు.

బెంజిసర్కిల్ (విజయవాడ)

సరే, సర్జన్ ఫొటోని వదిలేద్దాం. నేను దాని మీద ఎప్పుడూ ఆధారపడలేదు. హ్యూ గ్రే ఫొటో సంగతి చెప్పండి. 1933 నవంబరు 12, ఫోయర్స్ అనే ఊరి దగ్గర తీసింది. మొదటి నెస్సీ ఫొటో అదే. నెగటివ్‌ని పరీక్షించిన వాళ్లు ఎక్కడా మార్చిన గుర్తు లేదన్నారు. గ్రే అల్యూమినియం ఫ్యాక్టరీలో పనిచేసే మామూలు మనిషి. అతనికి ఏం లాభం?

డార్క్‌రూమ్ మాస్టారు (గుంటూరు, బ్రాడీపేట)

నెగటివ్ మార్చలేదంటే ఒక్కటే అర్థం: కెమెరా ముందు ఏదో ఉంది, అది ఫిల్ము మీద పడింది. ఆ ముందున్నది ఏమిటో నెగటివ్ చెప్పదు. సర్జన్ ఫొటో ప్లేటు మీద కూడా ఎవరూ గీతలు గీయలేదు, బొమ్మనే నీళ్లలో పెట్టి తీశారు. 1951లో లాక్లన్ స్టూవర్ట్ అనే ఆయన తీసిన మూడు మూపురాల ఫొటో కూడా అంతే. టార్పాలిన్ కప్పిన గడ్డి మోపులని తర్వాత బయటపడింది. నెగటివ్ మాత్రం శుభ్రంగానే ఉంది. నెగటివ్ నిజమైనదని సర్టిఫికెట్ ఇచ్చినంత మాత్రాన లోపలి కథకి ఇచ్చినట్టు కాదు. డెబ్భై ఎనభై ఏళ్లుగా ఈ ఫొటోల మీద జరిగిన వాదనల్లో ఎక్కువ భాగం ఈ రెండింటినీ కలిపేయడం వల్లే వచ్చింది.

గ్రే ఐదు ఫొటోలు తీశాడు. ఒక్కదానిలోనే ఏదో పడింది. ఆ ఒక్కటీ బాగా మసక, అందులో ఒడ్డు లేదు, పడవ లేదు. నోట కర్ర కరుచుకుని ఈదుతున్న కుక్క మొహం అందులో చాలామందికి కనిపిస్తుంది. నాకూ ఒకసారి కనిపించాక ఇక వేరేది కనపడలేదు. అయినా అది కుక్కేనని నేను వాదించను. ఏం కావాలంటే అది కనిపించేంత మసకగా ఉంది, ఆ మసకని సాక్ష్యం అనలేం.

పున్నమిఘాట్ (విజయవాడ)

నేను పక్షుల ఫొటోలు తీస్తుంటాను. కొల్లేరు, ఉప్పలపాడు, మన భవానీ ద్వీపం చుట్టుపక్కల. మీరంతా ఫొటోల గురించే మాట్లాడుతున్నారు, నీటి గురించి, నీటి మీద మన కన్ను ఎలా మోసపోతుందో దాని గురించి కొంచెం చెబుతాను.

ఉప్పలపాడు చెరువులో డార్టర్ అనే పక్షి కనిపిస్తుంది, పాములాంటి మెడ ఉంటుంది దానికి. ఈదేటప్పుడు ఒళ్లంతా నీళ్లలో మునిగిపోయి మెడ ఒక్కటే నిలువుగా పైకి ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లు పాము పాము అని అరవడం నేను విన్నాను. పక్కన కొంగో తామరాకో లేకపోతే ఆ మెడ జానెడా, మూరెడా, మనిషంతా అనేది పైనుంచి చూస్తే చెప్పలేం. స్కాట్లాండ్‌లో డార్టర్ లేదు, కానీ నీటికాకులు ఉన్నాయి, అవి కూడా లోతుగా మునిగి ఈదుతాయి. నీటికుక్కలు కూడా ఉన్నాయి అక్కడ. మన కృష్ణా నది సముద్రంలో కలిసేచోట మడ అడవుల్లోనూ నీటికుక్కలు ఉంటాయి. నాలుగైదు ఒకదాని వెనక ఒకటి మునుగుతూ తేలుతూ పోతుంటే, ఒకే పొడవాటి జంతువు వీపు మీద మూపురాలు కదులుతున్నట్టే ఉంటుంది.

ఇంకోటి, పడవల అలలు. ప్రకాశం బ్యారేజీ ఎగువన నీళ్లు కదలకుండా ఉన్న పొద్దున పూట ఘాట్ మెట్ల మీద కూర్చోండి. టూరిజం బోటు వెళ్లిపోయి, శబ్దం కూడా ఆగిపోయిన తర్వాత, ఒక నల్లటి గీత నీటి మీద మెల్లగా మనవైపు వస్తుంది. ఆ గీతకీ ఆ బోటుకీ సంబంధం ఉందని బోటు పోవడం చూడనివాళ్లకి తట్టదు. లాక్‌నెస్ దాదాపు 37 కిలోమీటర్ల పొడవు, వెడల్పు మాత్రం మైలు ఉంటుంది, రెండు వైపులా నిటారు ఒడ్డులు. అలలు ఒడ్డుకి తగిలి వెనక్కి తిరిగి ఒకదానితో ఒకటి కలిసి, ఉన్నట్టుండి నీటి మధ్యలో మూపురంలా లేస్తాయి. సముద్రం నుంచి సముద్రానికి పోయే కాలెడోనియన్ కాలువ ఆ సరస్సు గుండానే వెళ్తుంది. అంటే పడవలకి కొదవ లేదు. 2014లో ఆపిల్ మ్యాప్స్ శాటిలైట్ బొమ్మలో నెస్సీ దొరికిందని పెద్ద గోల జరిగింది. చూస్తే పడవ వెనకాల నురగ. ఆ రకం బొమ్మల్లో కదిలే పడవ ఒక్కోసారి సరిగ్గా పడదు, నురగ మాత్రం పడుతుంది.

లంకకుర్రాడు (విజయవాడ)

డార్టర్ సంగతి నాకు ఇప్పటిదాకా తెలియదు. ఉప్పలపాడు ఏ నెలలో వెళ్తే కనిపిస్తుందో చెప్పండి అన్నా, వేరే థ్రెడ్‌లో అయినా సరే.

అయితే ఒక ప్రశ్న. చూసినవాళ్లంతా ఇంతలా పొరబడతారా? అక్కడే పుట్టి పెరిగినవాళ్లు కూడా చూశామంటున్నారు కదా.

తెనాలి లలిత (తెనాలి)

దీని మీద ఒక పరీక్ష జరిగింది. 2003లో బీబీసీ వాళ్లు 600 సోనార్ కిరణాలతో (సోనార్ అంటే నీళ్లలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో వస్తువుల్ని కనిపెట్టే పరికరం) సరస్సంతా జల్లెడ పట్టి, పెద్ద జంతువు లేదని తేల్చారు. దాంతోపాటు ఒక కంచె కర్రని నీళ్లలో దాచి, టూరిస్టులు చూస్తుండగా పైకి లేపారు. తర్వాత వాళ్లనే ఏం చూశారో గీయమన్నారు. కర్రనే చూసినా కొందరు తల, మెడ ఉన్న జంతువుని గీశారు. వాళ్లు అబద్ధాలాడే మనుషులు కారండీ. లాక్‌నెస్‌కి వెళ్లామన్న సంగతే వాళ్లు చూసినదానికి తల తగిలించింది.

సందేహి (గుంటూరు)

నమ్మకం ఉంటే కర్రలో కూడా దేవుడు కనిపిస్తాడు, ఈ దేశంలో మనకి చెప్పాలా. చదువుకున్న బెంజిసర్కిల్ లాంటి వాళ్లు కూడా

నిర్వాహకుడు

సందేహి గారూ, మీ పోస్టులో మిగతా రెండు వాక్యాలు తీసేశాను. సభ్యుల మీద కాదు, ఫొటోల మీద మాట్లాడండి.

బెంజిసర్కిల్ (విజయవాడ)

పర్లేదు, నేను బాధపడలేదు. కానీ మీరందరూ తేలికైన ఫొటోలే ఎంచుకుని కొడుతున్నారు. బలమైనది తీసుకోండి. 1972 ఆగస్టు. అమెరికాలో అప్లైడ్ సైన్స్ అకాడమీకి చెందిన రాబర్ట్ రైన్స్ బృందం నీళ్లలో కెమెరా పెట్టింది. ఫ్లాష్ లైటు తయారు చేసింది ఎమ్‌ఐటీ ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్జర్టన్, ఆ రంగంలో ఆయన్ని మించినవాడు లేడు. సోనార్‌లో పెద్ద వస్తువు కనిపించిన సమయంలోనే కెమెరాలో వజ్రం ఆకారంలో ఈతరెక్క పడింది. ఒకేసారి రెండు పరికరాలు! ఇందులో చూసే కన్ను లేదు, నమ్మకం లేదు, పక్షి లేదు, పడవ అల లేదు. బ్రిటన్‌లో పేరున్న ప్రకృతి శాస్త్రవేత్త సర్ పీటర్ స్కాట్ దీన్ని నమ్మి, 1975లో నేచర్ పత్రికలో ఆ జంతువుకి నెస్సిటెరాస్ రాంబాప్టెరిక్స్ అని శాస్త్రీయ నామం కూడా పెట్టారు.

డార్క్‌రూమ్ మాస్టారు (గుంటూరు, బ్రాడీపేట)

బెంజిసర్కిల్ గారూ, నేనూ దీన్నే బలమైనదిగా ఎంచేవాణ్ణి. అందుకే దీని మీదే ఎక్కువ చదివాను. కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

లాక్‌నెస్ నీళ్లు కాఫీ డికాక్షన్ రంగులో ఉంటాయి. చుట్టూ కొండల మీద పీట్ అనే కుళ్లిన గడ్డి మట్టి ఉంది, అది కొట్టుకొచ్చి నీళ్లలో కలిసిపోతుంది. ఎంత మంచి ఫ్లాష్ పెట్టినా కొన్ని అడుగుల తర్వాత ఆ మట్టి రేణువులే వెలుగుతాయి. అసలు ఫ్రేముల్లో కనిపించేది ఆ వెలుగు, కొంచెం ముదురు రంగు మరకలు. వాటిని కంప్యూటర్‌తో మెరుగుపరచడానికి అమెరికాలో జెట్ ప్రొపల్షన్ లేబరేటరీకి పంపారు. ఇంతవరకూ అంతా సవ్యంగానే ఉంది.

1984లో రికీ రాజ్దాన్, అలన్ కీలార్ అనే ఇద్దరు ఆ లేబరేటరీ తయారు చేసిన ప్రింట్లని తెప్పించుకుని, పత్రికల్లో వచ్చిన ఈతరెక్కతో పోల్చారు. రెండూ ఒకటి కావు. లేబరేటరీ ప్రింటులో అంత స్పష్టమైన వజ్రం అంచులు లేవు. మధ్యలో ఎక్కడో ఎవరో చేత్తో టచింగ్ చేసినట్టు ఉంది. ఎవరు చేశారో నేను చెప్పలేను, ఎవరి మీదా నింద వేయను. నా బల్ల మీద కూడా బ్రష్షు, పెన్సిలు ఉండేవి, కనుబొమ్మ మసకగా పడితే ఒక గీత గీసి ఇచ్చేవాణ్ణి. ఆ గీత గీసిన తర్వాత అది ఆ మనిషి కనుబొమ్మ కాదు, నేను గీసింది. ఈతరెక్క అంచులూ అంతే.

అదే బృందం 1975లో తీసిన ఇంకో ఫొటో ఉంది, కొమ్ములున్న వికారమైన తల అని చెప్పారు. 1987లో ఆపరేషన్ డీప్‌స్కాన్ పేరుతో రెండు డజన్ల పడవలు వరసగా సోనార్ పట్టుకుని సరస్సంతా వెతికాయి. ఆ సమయంలోనే, కెమెరా పెట్టిన చోట అడుగున చెట్టు మొద్దు దొరికింది. ఆ తలకీ ఆ మొద్దుకీ పోలిక చూసినవాళ్లకి ఇక అనుమానం మిగల్లేదు.

తెనాలి లలిత (తెనాలి)

శాస్త్రీయ నామం గురించి. స్కాట్ ఆ పేరు పెట్టింది జంతువు ఉందని రుజువైందని కాదు. ఆ ఏడాదే బ్రిటన్‌లో వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చింది, పేరుంటేనే రక్షణ దొరుకుతుంది, అందుకు ముందు జాగ్రత్తగా పెట్టారు. పేరు ఉంది కాబట్టి జంతువు ఉందనే వాదన నిలబడదండీ.

బెంజిసర్కిల్ (విజయవాడ)

డీప్‌స్కాన్ గురించి సగమే చెప్పారు మాస్టారూ. ఆ సోనార్‌లో మూడు చోట్ల పెద్దవేవో తగిలాయి, అవేంటో తేలలేదు. అవి కూడా చెట్టు మొద్దులేనా?

ఇంకా అసలు ప్రశ్న ఇది. ఏ ఫొటో చూపించినా మీరు ఏదో ఒకటి చెబుతారు. మసకగా ఉంటే సాక్ష్యం కాదు, స్పష్టంగా ఉంటే దొంగది. అయితే ఎలాంటి ఫొటో వస్తే ఒప్పుకుంటారో ముందు అది చెప్పండి. చెప్పలేకపోతే మీది కూడా నమ్మకమే అవుతుంది.

సందేహి (గుంటూరు)

ఈ ప్రశ్న న్యాయమైనది. సూటిగా చెబుతాను, నన్ను ఏ ఫొటో ఒప్పించదు. ఎముక కావాలి. పన్ను కావాలి. చచ్చిన కళేబరం కావాలి. పెద్ద జంతువు ఒక్కటే వెయ్యేళ్లు బతకదు, మంద ఉండాలి, మందలో చావులు ఉండాలి. ఒక్క ఎముకైనా ఒడ్డుకి రాలేదేం?

డార్క్‌రూమ్ మాస్టారు (గుంటూరు, బ్రాడీపేట)

నేను ఫొటోవాణ్ణి కాబట్టి ఫొటోకి తలుపులు మూయను. నాకు కావలసింది ఇది. క్రాప్ చేయని ఫ్రేము. దానికి ముందు, వెనక తీసిన ఫ్రేములు, రీలు ముక్క కాకుండా మొత్తం. ఫ్రేములో సైజు తెలిసిన వస్తువు ఏదైనా, పడవో మనిషో. అదే క్షణంలో వేరే చోటు నుంచి వేరే మనిషి తీసిన ఇంకో ఫొటో ఉంటే సగం వాదన అక్కడే తేలిపోతుంది, ఎందుకంటే రెండు చోట్ల నుంచి చూస్తే దూరం లెక్కకట్టొచ్చు. ఈ తొంభై ఏళ్లలో అలాంటి జంట ఫొటో ఒక్కటి కూడా నా కంట పడలేదు.

జువాలజీ టీచర్ (గుంటూరు)

ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. డిగ్రీ పిల్లలకి పాఠాలు చెబుతాను, అందుకని జంతువు వైపు నుంచి చూస్తాను.

ఫొటోల్లో ఉన్నది ప్లీసియోసార్ అంటారు, పొడవాటి మెడ సముద్ర సరీసృపం. 6.6 కోట్ల ఏళ్ల కింద అంతరించింది. లాక్‌నెస్ వయసు ఎంత? పది వేల ఏళ్ల కిందటి వరకు అక్కడ మంచు ఉంది, సరస్సు లేదు. అడుగున నీరు ఏడాది పొడుగునా 5, 6 డిగ్రీలకి మించదు. అది ఊపిరి కోసం పైకి రావాల్సిన జంతువు, మంద మొత్తం రోజూ చాలాసార్లు తలెత్తాలి. మెడ విషయానికొస్తే, ఆ జంతువుల మెడ ఎముకలని పరిశీలించిన లెస్లీ నోయ్ అనే శాస్త్రవేత్త 2006లో చెప్పింది ఏమిటంటే, అవి హంసలా మెడ నిటారుగా పైకెత్తలేవు. అంటే సర్జన్ ఫొటోలో ఉన్న భంగిమ అసలు ప్లీసియోసార్‌కి సాధ్యం కాదు!

2018లో న్యూజిలాండ్‌లోని ఒటాగో యూనివర్సిటీ నుంచి నీల్ గెమ్మెల్ బృందం వచ్చి సరస్సులో వేర్వేరు చోట్ల, వేర్వేరు లోతుల్లో సుమారు 250 నీటి నమూనాలు తీసుకుంది. నీళ్లలో బతికే ప్రతి జీవీ చర్మం, మలం, పొలుసుల రూపంలో కొంత డీఎన్ఏ వదులుతుంది. ఫలితాలు 2019లో వచ్చాయి. సరీసృపాల డీఎన్ఏ ఏమీ దొరకలేదు. పాములా పొడవుగా ఉండే ఈల్ చేపల డీఎన్ఏ మాత్రం దాదాపు అన్ని చోట్లా దొరికింది.

బెంజిసర్కిల్ (విజయవాడ)

మేడం, ప్లీసియోసార్‌ని నేను కూడా నమ్మను. నాది పెద్ద ఈల్ వాదన. గెమ్మెల్ కూడా దాన్ని కొట్టిపారేయలేదు. ఇక అంతరించిందనుకున్నది దొరకదంటారా? సీలకాంత్ చేప దొరకలేదా?

జువాలజీ టీచర్ (గుంటూరు)

సీలకాంత్ గురించి నేను క్లాసులో ఎంతో ఇష్టంగా చెబుతాను, కనుక ఆ మాట ఎత్తినందుకు సంతోషం. 1938లో దక్షిణాఫ్రికాలో మార్జొరీ కోర్ట్నీ-లాటిమర్ అనే మ్యూజియం ఉద్యోగినికి జాలర్ల వలలో పడిన చేపల్లో దొరికింది అది. ఆమె చేతిలో ఉన్నది చేప, ఫొటో కాదు. అది ఉండేది సముద్రంలో, నాలుగు వైపులా ఒడ్డున్న సరస్సులో కాదు. నెస్సీకి సీలకాంత్ ఉదాహరణ సరిపోదు.

ఈల్ సంగతి. డీఎన్ఏ ఏ చేపదో చెబుతుంది, ఎంత పొడుగో చెప్పదు. గెమ్మెల్ అందుకే జాగ్రత్తగా మాట్లాడాడు. 2023లో ఫ్లో ఫాక్సన్ అనే పరిశోధకుడు, ఇతరులు పట్టిన ఈల్ చేపల కొలతలు తీసుకుని లెక్కవేశాడు. లాక్‌నెస్‌లో ఒక మీటరు పొడవు ఈల్ దొరకడమే యాభై వేలలో ఒకటి. ఆరు మీటర్ల ఈల్ అంటే లెక్కలో దాదాపు సున్నా. మీటరు ఈల్‌ని చూసి కొందరు భయపడి ఉండొచ్చు, అంతవరకు మీతో ఏకీభవిస్తాను.

లంకకుర్రాడు (విజయవాడ)

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, అయినా మంచి ఫొటో రాలేదు, కాబట్టి నెస్సీ లేదు అని చాలామంది అంటారు. ఈ వాదన కరెక్టేనా?

పున్నమిఘాట్ (విజయవాడ)

సగమే కరెక్టు తమ్ముడూ. నమ్మనివాళ్లలో ఒకడిగా చెబుతున్నాను, ఆ వాదనని మనం అలవాటుగా వాడేస్తున్నాం. ఫోన్ లెన్సు దగ్గరి మనుషులకి, గుడి గోపురానికి పనికొస్తుంది. సీతానగరం ఒడ్డు నుంచి దుర్గాఘాట్ మెట్ల మీద నిలబడ్డ మనిషిని ఫోన్‌తో తీసి జూమ్ చేయండి, మొహం బదులు నాలుగు చుక్కలు వస్తాయి. కాబట్టి ఫోన్లు పెరిగితే మసక ఫొటోలు కూడా పెరుగుతాయి, అదే జరుగుతోంది కూడా. అయితే పెద్ద లెన్సులతో వచ్చే పక్షి ఫొటోగ్రాఫర్లు, ఏడాది పొడుగునా నడిచే వెబ్‌క్యామ్‌లు, 2023 ఆగస్టులో డ్రోన్లు, హైడ్రోఫోన్లతో (నీటిలోపలి శబ్దం వినే మైకులతో) వందల మంది వాలంటీర్లు చేసిన వెతుకులాట, వీటన్నింటికీ ఏమీ దొరక్కపోవడం మాత్రం లెక్కలోకి తీసుకోవాల్సిందే.

సందేహి (గుంటూరు)

ఒక్కటి మాత్రం దొరికింది. 2016లో నీటి అడుగున నడిచే రోబోతో సరస్సు అడుగుని స్కాన్ చేస్తే పొడుగు మెడ ఆకారం తగిలింది. అది 1969లో ఒక సినిమా షూటింగ్ కోసం చేసి, మునిగిపోయిన నెస్సీ బొమ్మ. సుమారు తొమ్మిది మీటర్లు ఉంటుంది. అంత సైజు వస్తువు అడుగున ఉంటే ఇప్పటి సోనార్‌కి దొరుకుతుందని దానివల్ల తెలిసింది. బెంజిసర్కిల్ గారు అడిగిన డీప్‌స్కాన్ మూడు తాకిళ్లు ఏమిటో నాకు చెప్పడం రాదు. సీల్ అప్పుడప్పుడు సముద్రం నుంచి నది గుండా ఆ సరస్సులోకి వస్తుంది, అది ఒక అవకాశం.

బెంజిసర్కిల్ (విజయవాడ)

ఇంతసేపు మర్యాదగా మాట్లాడినందుకు అందరికీ థాంక్స్, మీకు కూడా సందేహి గారూ. నిలబడని ఫొటోలని నిలబెట్టడం నా పని కాదు. నాకు మిగిలింది ఒక్కటే: టిమ్ డిన్స్‌డేల్ 1960 ఏప్రిల్ 23న తీసిన సినిమా రీలు. ఆ మనిషి దాని కోసం ఉద్యోగం, జీవితం అన్నీ మార్చుకున్నాడు, డబ్బు కోసం చేశాడని ఎవరూ అనలేదు. 1966లో బ్రిటిష్ వైమానిక దళం ఫొటో నిపుణులు దాన్ని చూసి, బహుశా ప్రాణి అయి ఉండొచ్చని రాశారు. పోలిక కోసం అదే దారిలో ఒక పడవని నడిపించి డిన్స్‌డేలే స్వయంగా ఫిల్ము తీశాడు. ఆ పడవ ఫిల్ములో పడవలాగే కనిపిస్తుంది.

డార్క్‌రూమ్ మాస్టారు (గుంటూరు, బ్రాడీపేట)

డిన్స్‌డేల్ నిజాయితీ మీద నాకు ఇసుమంత అనుమానం లేదు. కానీ దూరం మైలుకి దగ్గరగా ఉంది, 16 ఎమ్ఎమ్ ఫిల్ము, అందులో ఆ వస్తువు చుక్కంత. నిపుణులు లెక్కగట్టిన వేగం గంటకి పది మైళ్లు. చిన్న మోటారు పడవ వేగం కూడా అంతే. పోలిక పడవని తీసేటప్పటికి వెలుతురు మారింది. తెల్లగా మెరిసే పడవ ఒక వెలుతురులో పడవలా కనిపిస్తుంది, ముదురు రంగు పడవ వేరే వెలుతురులో నల్లటి మూపురంలా కనిపిస్తుంది. తర్వాత ఫ్రేములని ఒకదానిమీద ఒకటి పేర్చి చూసిన వాళ్లలో కొందరికి పడవ వెనక భాగంలో కూర్చున్న మనిషి ఆకారం కనిపించింది. నాకు ఆ పేర్చిన బొమ్మ నమ్మదగ్గదిగానే అనిపిస్తుంది. మీకు అలా అనిపించకపోతే నేను ఒత్తిడి చేయను.

పున్నమిఘాట్ (విజయవాడ)

దీన్ని మనం ఇక్కడే పరీక్షించి చూడొచ్చు కదా? బ్యారేజీ ఎగువన నది వెడల్పు మైలుకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఆదివారం పొద్దున్నే ఒక చిన్న మోటారు పడవని అవతలి ఒడ్డు వెంట నడిపిద్దాం. మనం ఇటువైపు కొంచెం ఎత్తులో నిలబడి తీద్దాం. పడవ మాట్లాడే బాధ్యత నాది. తీసిన క్లిప్పులని ఏమీ చెప్పకుండా ఇక్కడ పెడతాను, ఏది పడవో ఏది కాదో సభ్యులు చెప్పాలి.

తెనాలి లలిత (తెనాలి)

నేను వస్తాను. మా ల్యాబ్ నుంచి ట్రైపాడ్ తెస్తాను. క్లిప్పులని పాత ఫిల్ము నాణ్యతకి తగ్గించే పని నేను చేస్తాను, తగ్గించని ఒరిజినల్స్ కూడా పక్కన ఉంచుదాం.

బెంజిసర్కిల్ (విజయవాడ)

నేనూ వస్తాను, కానీ షరతులున్నాయి. ఒకే పడవకి ఒకసారి తెల్ల గుడ్డ, ఒకసారి నల్ల టార్పాలిన్ కప్పి రెండుసార్లు నడిపించాలి. పొద్దున ఏడింటికి, పదింటికి, రెండు వెలుతురుల్లోనూ తీయాలి. పడవ వేగం ఫోన్ జీపీఎస్‌లో రికార్డు చేయాలి, మనం నిలబడ్డ చోటు ఎత్తు, దూరం ముందే రాసుకోవాలి. ఏ క్లిప్పు ఏదో తెలిసిన మనిషి ఓటింగ్ అయ్యేదాకా ఈ థ్రెడ్‌లో రాయకూడదు. ఇవన్నీ ఒప్పుకుంటే పడవ అద్దెలో సగం నాది.

డార్క్‌రూమ్ మాస్టారు (గుంటూరు, బ్రాడీపేట)

అన్నీ ఒప్పుకుంటున్నాను. నా దగ్గర రెండు బ్లాక్ అండ్ వైట్ రీళ్లు, పనిచేసే కెమెరా ఉన్నాయి. గుంటూరు నుంచి తొలి బస్సుకి బయల్దేరితే ఏడింటికల్లా ఘాట్ దగ్గర ఉంటాను.